పదకొండో రోజు ఫైలు ఉండదు

పది రోజులుగా ఎవరూ ముట్టుకోని ఫైలంటే మా చంద్రరావు గారికి ఒళ్లు మంట. కొవ్వూరులో మా కాలేజీ కంప్యూటర్ ల్యాబుకి ఆయన ఇన్‌ఛార్జి, నేను లెక్చరర్ని. 2002లో ల్యాబు మొత్తానికి ఒకటే లినక్స్ సర్వరు. విద్యార్థులకిచ్చిన సొంత జాగా చాలక, అందరూ తమ పనంతా టెంప్ అనే తాత్కాలిక డైరెక్టరీలో పడేసేవారు. అది నిండిందంటే ముప్పై కంప్యూటర్లూ మొరాయించేవి. అందుకని చంద్రరావు గారు రోజూ పొద్దున్నే వచ్చి, చెప్పులు బయట విడిచి, గడువు దాటినవన్నీ తుడిచేసేవారు.

"సార్, నా ఫైలు?"

"తుడిచేశాను. ఏంటి?"

ఆ "ఏంటి?"కి జవాబు చెప్పిన మొనగాడు మా కాలేజీలో లేడు. నా క్వశ్చన్ పేపరు రెండుసార్లు పోయింది, నేనూ చెప్పలేకపోయాను.

ఒకసారి ప్రిన్సిపాల్ గారి వార్షిక నివేదికే ఎగిరిపోయింది. ఆయన రొప్పుతూ వచ్చారు.

"ఎవరి ఫైలో చూసుకోనక్కర్లేదాండీ?"

"పదకొండో రోజండి. తుడిచేశాను. ఏంటండి?"

"ఉద్యోగం తీసేయగలను!"

"తీసేయండి. వెళ్లే ముందు కూడా టెంప్ తుడిచే వెళ్తాను."

ఆ నెలలోనే మా విద్యార్థిని లోవలక్ష్మి కాలేజీకి రావడం ఆగిపోయింది. గోదావరిలో చేపలు పట్టే ఇంటి పిల్ల. వాళ్లమ్మ కాకినాడలో ఆస్పత్రిలో ఉంది, పక్కన ఈ పిల్లే ఉండాలి. ప్రాజెక్టంతా టెంప్‌లో వదిలి వెళ్లింది. అది పోతే ఏడాది పోయినట్టే. నేను చంద్రరావు గారిని బతిమాలాను.

"రూలు రూలేనండి" అన్నారు.

నాకు చిర్రెత్తి ఆయనతో మాట్లాడటం మానేశాను.

పద్దెనిమిదో రోజున లోవలక్ష్మి వచ్చింది. మర్నాడే వైవా. నేనూ ప్రిన్సిపాల్ గారూ వెనక నిలబడ్డాం. ఆ పిల్ల డైరెక్టరీ తెరిచింది. ఫైలు ఉంది! పక్కన తేదీ చూస్తే ఆ రోజుదే, పొద్దున్న ఎనిమిదింటిది.

"ఇదేంటండీ?" అన్నాను చంద్రరావు గారితో, పంతం మర్చిపోయి.

"రోజూ తుడిచేముందు టచ్ కమాండు కొడుతున్నానండి. లోపల అక్షరం మారదు, తేదీ కొత్తదవుతుంది. పది రోజులు ఎవరూ ముట్టుకోకపోతేనే తీస్తాను. దీన్ని నేను ముట్టుకున్నాను. ఏంటి?"

మాట్లాడని అన్ని రోజులకీ సిగ్గేసింది నాకు.

"మరి నాది ఎందుకు ముట్టుకోలేదయ్యా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"మీరు రోజూ కాలేజీకి వస్తూనే ఉన్నారు కదండీ!"

లోవలక్ష్మి కళ్లు తుడుచుకుని ఏదో చెప్పబోయింది. చంద్రరావు గారు చెప్పనివ్వలేదు.

"అమ్మకి తగ్గిందా?"

"తగ్గిందండి. ఇంటికి తీసుకొచ్చేశాం."

"అయితే ఫ్లాపీలోకి ఎక్కించుకో. రేపట్నుంచి నేను ముట్టుకోను."