అక్క ధర్మవరం వచ్చిన ఏడాది

మా ఊరు బత్తలపల్లెకు అవతల, మట్టిరోడ్డు మీద ఉండేది. బడి అయిదో తరగతి వరకే. ఆపైన చదవాలంటే బత్తలపల్లెకు నడవాలి. మగపిల్లలు నడిచేవాళ్లు. అక్క అయిదు పాసైనప్పుడు, "ఆడపిల్లను అంత దూరం ఒంటిగా ఎట్ల పంపేది?" అన్నాడు నాయన. కోపంగా అనలేదు. నిజంగానే ఆయనకు దారి తోచలేదు. అక్క ఏడవలేదు. అమ్మ వెంట చెనిక్కాయ చేలో కలుపు తీయడానికి పోవడం మొదలుపెట్టింది.

నేను అయిదు ముగించేనాటికి వానలు మొహం చాటేశాయి. బావి అడుగంటింది. తినే నోరు ఒకటి తగ్గుతుందని నన్ను ధర్మవరంలో పిన్నమ్మ ఇంట్లో వదిలారు. వాళ్లది మగ్గాల వీధి. హైస్కూలు ఆ వీధి చివరే. పక్కిళ్ల ఆడపిల్లలంతా సంచులు తగిలించుకుని పోతుంటే నన్నొక్కదాన్నే ఇంట్లో కూర్చోబెట్టడం బాగుండదని పిన్నమ్మ నన్నూ చేర్పించింది. నా చదువు గురించి ఎవరైనా ఆలోచించింది అంతే.

సెలవులకు ఊరికి పోతే అక్క పొయ్యి దగ్గర కూర్చుని నా తెలుగు వాచకం పైకి చదివేది. అమ్మ వినేది. ఊళ్లోనే పెళ్లయ్యాక అక్క పుస్తకాలు అడగడం మానేసింది.

నేను అనంతపురంలో కాలేజీ ముగించి, ధర్మవరంలోనే టీచరుగా చేరాను. ఒక వేసవిలో పొద్దున్నే అక్క బస్సు దిగి వచ్చింది. చంకలో బట్టల మూట, పక్కన కూతురు. పాప అప్పుడే అయిదు పాసైంది.

"బావ ఒప్పుకున్నాడా?" అన్నాను.

"చేను ఇడిసిపెట్టి రానన్నాడు. మీ బావ ఆడ ఉంటాడు, మేం ఈడ ఉంటాం. దీని చదువు అయ్యేదాకా."

"నువ్వు ఈడ ఏం చేస్తావక్కా?"

"మగ్గాలకు పట్టునూలు కండెలు చుట్టేది నేర్చుకుంటా. పిన్నమ్మ సూపిస్తాది."

నేను పాపను దగ్గరికి తీసుకున్నాను. అక్క మూట దించి, నా వైపు చూసింది.

"నీకు నాకంటే తెలివి ఎక్కువని కాదు. నువ్వు ఈడ ఉండావు, నేను ఆడ ఉండాను. అంతే."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. నేను మూట అందుకుని లోపల పెట్టాను.

మొగుణ్ణి వదిలేసి పట్నం చేరిందని ఊళ్లో చాలా అన్నారు. బావ మాత్రం ఆ మాటలు పట్టించుకోకుండా, వారం వారం కాసిని చెనిక్కాయలు పట్టుకుని వచ్చేవాడు. తన చేతి వంటే తిని చిక్కిపోయాడు. మళ్లీ కరువొచ్చినప్పుడు ఎద్దులను కదిరి సంతలో అమ్మేసి తనూ వచ్చేశాడు. బజారులో మూటలు మోసే పనికి కుదిరాడు.

పాప పది పాసై, నర్సు ట్రైనింగుకు పోయింది. దున్నేవాళ్లు లేక ఊళ్లో చేలో ముళ్లకంప మొలిచింది. పాప నర్సు పరీక్ష కూడా పాసైందని తెలిసిన రోజు బావ అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. అక్క పోయి ఆయన పక్కన కూర్చుంది.