డ్రమ్ముల వెనక దాక్కున్న లీడరు

చిక్కడపల్లి సభామందిరంలో నేను చేసిన నిర్వాకం వింటే మీ ఇంట్లో ఏ ఫంక్షన్‌కీ నా చేతికి మైకివ్వరు. ఇవ్వకండి కూడా.

2011లో అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుతున్నట్టు నటించేవాణ్ణి. ఆ నటన ఇంట్లో తెలిసేలోగా ఏదో ఒక ఉద్యోగం దొరకాలి. అప్పుడే నారాయణగూడ నుంచి మిత్రుడు శీను ఊడిపడ్డాడు.

"జాజ్ బ్యాండ్ రా, పదిహేడు మంది! పాటలన్నీ లీడర్ రాబర్ట్ సారు సొంతంగ కట్టినవే. సీడీ రిలీజ్‌కు నువ్వే యాంకర్. సారుకు నచ్చినవనుకో, టూర్లకు నిన్నే తీస్కపోతడు."

ఆ లీడర్ ఎవరో చూపించమని అడిగానా? నేనెందుకడుగుతాను! ఎన్ని కచేరీలు చూడలేదు? పెద్ద విద్వాంసుడు ముందు కూర్చుంటాడు, మృదంగం పక్కనుంటుంది. ఇక్కడ వేదిక మీద ముందు వరుసలో శాక్సోఫోన్ పట్టుకుని ఒకాయన పెళ్లికొడుకులా మెరిసిపోతున్నాడు. డ్రమ్ముల ఆయనదైతే బట్టతల తప్ప ఏమీ కనిపించడం లేదు. ఇంకేం అనుమానం?

పాట ఆగగానే శాలువాతో శాక్సోఫోన్ ఆయన మీదికి వెళ్లాను. "ఈ ఆల్బమ్ సృష్టికర్త రాబర్ట్ గారికి ఘన సన్మానం!"

ఆయన రెండడుగులు వెనక్కేశాడు. "నాకొద్దన్నా! నాదేం లేదు, అంతా ఆ వెనకున్న సారుదే!"

మన సభల్లో ఒక్కసారి కూడా వద్దనకుండా శాలువా కప్పించుకున్న పెద్దమనిషిని మీరు చూశారా? నేను పొంగిపోయాను. "విన్నారా? పేరంతా పక్కవాద్యానికే ఇచ్చేస్తున్నారు! ఎంత వినయం!"

"అయ్యో, వినయం గాదన్నా, జర నా మాటిను!"

వినలేదు. మెడ వంచి మరీ కప్పాను. హాలంతా చప్పట్లు. తర్వాత మిగిలిన ఒక్క గులాబీ పట్టుకుని డ్రమ్ముల దగ్గరికి వెళ్లి, "తాళం వేసిన పెద్దాయన పేరు కూడా తెలుసుకుందాం" అంటూ మైకు పెట్టాను.

"రాబర్ట్" అన్నాడాయన.

"ఒకే బ్యాండులో ఇద్దరు రాబర్ట్‌లు!" అని ఇంకోసారి చప్పట్లు కొట్టించాను. ప్రేక్షకుల్లో కూర్చున్న శీను ముఖం చేతుల్లో దాచుకోవడం చూశాక గానీ ఆ వెనకాయనే లీడరని నాకు వెలగలేదు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

సభ అయ్యాక ఆయన ముందు నిలబడ్డాను. "క్షమించండి సార్. మరి... టూర్లకు యాంకర్..."

ఆయన డ్రమ్ము పుల్లలు సంచిలో పెట్టుకుంటూ చల్లగా అన్నాడు. "పక్కవాద్యపోనికి యాంకర్‌ను పెట్టుకునే అధికారం యాడిది తమ్మీ? ముందున్న రాబర్ట్‌ను అడుగు."

అందుకే సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా శాలువా వద్దంటే, ఆ క్షణమే మడతపెట్టి మా ఇంటికి పట్టుకుపోతాను.