షియాన్ కోటగోడ కింద కిచిడీ

నన్ను చైనాకు తీస్కపోయింది కిచిడీ.

మా అమ్మానాయిన బట్ట నేసే సాంచాలు నడపనీకి సిరిసిల్ల దిక్కుకెల్లి సూరత్ వచ్చిన్రు. నేను ఇక్కడనే పుట్టిన. మా ఆయన ఇప్పటికీ సాంచాల మీదనే పనిచేస్తడు. నేను సూరత్‌లనే బమ్రోలి బస్తీల టిఫిన్ సెంటర్ నడుపుత. పొద్దుగాల ఇడ్లీ, ఉప్మా. మధ్యాహ్నం కార్ఖానలోళ్ళకు చపాతీ, పప్పు.

సూరత్ శేఠ్‌లు విదేశాలు చూడనీకి గుంపుగ పోతరు. బస్సు, హోటలు, గైడు ఎంత ముఖ్యమో వెంట కిచిడీ వండిపెట్టే వంటాయన గంత ముఖ్యం. ఆయనను మహారాజ్ అంటరు. మహారాజ్ లేని టూర్‌కు ఎవ్వరు పేరియ్యరు. ఆ ఏడు చైనా టూర్‌కు మహారాజ్ అయితే దొరికిండు గని, ఆయన చేతికింద పనిచేసెటాయన కాలు ఇరగ్గొట్టుకున్నడు. టూర్ తీసే ట్రావెల్స్ ఆయన నా ఇడ్లీలకు అలవాటు పడ్డ మనిషి, నన్ను బెన్ అంటడు, అంటే అక్క. ఒకనాడు చట్నీ వేళ్ళు నాక్కుంట అడిగిండు.

"బెన్, నీకు పాస్‌పోర్టు ఉన్నదా?"

ఉన్నది. మస్కట్‌ల ఉండే మా చిన్నమ్మ బిడ్డ ఒకసారి పిలుస్తనంటే తీసుకున్న. ఆమె పిలువలే. పాస్‌పోర్టు బీరువల చీరల నడుమ కొత్తగనే పడి ఉన్నది.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన నవ్విండు. "చైనోళ్ళకు నువ్వేం వండిపెడ్తవే? పాముల పులుసా?"

"చైనోళ్ళకు కాదయ్యా, సూరతోళ్ళకే. గాళ్ళు చైనల కూసుండి తింటరంట."

"గా కిచిడీ ఏందో ఈడనే కూసుండి తినొచ్చు గదా?"

నేను బీరువ తెరిచి చీరల నడుమకెల్లి పాస్‌పోర్టు తీసిన.

మేం దిగింది షియాన్ అనే పాత పట్నంల. ఒకప్పుడు రాజుల రాజధాని అంట. ఊరి చుట్టూ కోటగోడ ఇంకా నిలబడి ఉన్నది, దాని మీద సైకిల్ తొక్కేటంత వెడల్పు. బస్సు దిగంగనే నాకు రోడ్డు నిశ్శబ్దం విచిత్రమనిపించింది. స్కూటర్లన్నీ బ్యాటరీవి, పిల్లుల తీరు పక్కకెల్లి పోతున్నయ్. హారన్ కొట్టెటోడు లేడు. మా గుంపుల చీరల వ్యాపారం చేసే ఒక శేఠ్ కంగారుపడ్డడు. "ఇయ్యాల ఈడ బంద్ ఉన్నదా ఏంది?"

మొదటినాడు వంట తొందరగ అయిపోయి నన్ను సుత గోడ మీదికి తీస్కపోయిన్రు. మావాళ్ళు ఏది చూసినా సూరత్‌తోటి తూకమేసిన్రు. పెద్ద రోడ్లు మన వేసూ లెక్కనే ఉన్నయన్నరు. గోడ కింది కందకం చూసి, మన తాపీ నది ముందల ఇదెంత అన్నరు. "మనకు సుత చౌక్‌ల కిల్లా ఉన్నది గదా" అన్నది ఒకామె.

"ఎన్నడన్న పోయినవా?" అనడిగింది పక్కామె.

"అక్కడ పార్కింగ్ దొరకదు."

గోడ మీద చైనా అమ్మాయిలు పాతకాలం రాణుల తీరు పొడుగు బట్టలు కిరాయికి కట్టుకొని ఫోటోలు దిగుతున్నరు. చీరల శేఠ్ పోయి ఒక పిల్ల చేతి బట్టను రెండు వేళ్ళ నడుమ పెట్టి నలిపి చూసిండు. ఆ పిల్ల బెదిరి ఎనుకకు జరిగింది. శేఠ్ మా దిక్కు తిరిగి, "పాలిస్టర్!" అని ఒర్లిండు. చైనల సుత మన సూరత్ తీరు బట్టనే అని ఆయన పానం నిమ్మళమైంది. ఆ దినమంత నవ్వుకుంటనే తిరిగిండు.

రెండోనాడు మట్టి సిపాయిలను చూడబోయిన్రు. ఎన్నడో ఒక రాజు తన సమాధికి కావలి పెట్టుకున్న మట్టి ఫౌజు. ఒకని మొకం తీరు ఇంకొకని మొకం ఉండదంట. మహారాజ్, నేను గిన్నెలతోటి బస్సుల పోయినం. బస్సు ఆగిన కాడ మెంతాకు థేప్లా రొట్టెలు, మజ్జిగ కఢీ, కిచిడీ సర్దినం.

"నేను ఒక్క పది నిమిషాలు చూసొస్త" అన్న.

మహారాజ్ గరిటె అడ్డం పెట్టిండు. "బెన్, ఆ సిపాయిలు రెండువేల ఏండ్లు ఆగిన్రు. మన పాసింజర్లు పన్నెండున్నర దాటితే ఆగరు."

ఆయన చెప్పింది నిజమే. పన్నెండు కాకముందే సగంమంది తిరిగొచ్చిన్రు. కిల్లాకు పార్కింగ్ దొరకదన్నామె అందరికంటే ముందల ఉన్నది.

"ఎట్లున్నరమ్మా సిపాయిలు?" అనడిగిన.

"బాగున్నరు. కఢీ వేడిగున్నదా?"

మా హోటల్ల వంటింటి మూలకు మాకొక పొయ్యి ఇచ్చిన్రు. అక్కడి వంటామె నా ఈడుదే. మాటలు రాకున్నా రోజూ నా దిక్కు చూసి నవ్వేది. నాలుగోనాడు పొద్దుగాల చూస్తే కొత్తిమీర అయిపోయింది. పైన కొత్తిమీర లేకుంటే మావాళ్ళు పోహా, అదే అటుకుల ఉప్మా, ముట్టరు. నేను ఫోన్ల తర్జుమా యాప్ తెరిచి తెలుగుల చెప్పిన. "అక్కా, జర కొత్తిమీర గావాలె."

ఫోను "జర"ను జ్వరం అనుకున్నట్టున్నది. అది చైనా భాషల ఏమని చెప్పిందో గని, ఆమె ఉరికొచ్చి నా నుదురు మీద చెయ్యి పెట్టింది. కుర్చీల కూసోబెట్టి గిలాసెడు వేడినీళ్ళు తాపింది. నేను వద్దన్నకొద్దీ ఇంకో గిలాస పోసింది. ఆఖరికి చెత్తబుట్టలకెల్లి కొత్తిమీర కాడ ఏరి చూపెడ్తే, ఆమె కడుపు పట్టుకొని నవ్వి, నన్ను తన స్కూటర్ ఎనుక ఎక్కించుకున్నది.

గోడ పక్క సందుల కూరగాయల అంగడి. కొత్తిమీర రెండు నిమిషాల్ల దొరికింది. గని దాని పక్కనే ఒకామె బియ్యప్పిండి జారుగ కలిపి, వెడల్పు పళ్ళెంల పోసి, ఆవిరి మీద పెడుతున్నది. నేను కదలకుండ నిలబడ్డ. మా ఇడ్లీ పాత్ర మూత తీసినప్పటి వాసనే! ఉడికిన పల్చటి పొరను లేపి, కత్తితోటి పట్టీలు కోసి, పులుపు, ఎర్రటి మిరపనూనె పోసి ఇచ్చింది. నాలుగు దినాల సంది బెల్లం వేసిన పప్పు తిని తిని నా నాలుక సచ్చిపోయి ఉన్నది. ఆ కారం తగలంగనే కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. వంటామె మళ్ళ నా నుదురు పట్టి చూసింది.

వచ్చేటప్పుడు గోడకాడ జరసేపు స్కూటర్ ఆపింది. ఒక ముసలాయన చెట్టుకు వీపు దబదబ కొట్టుకుంటున్నడు. ఒంటికి మంచిదని ఆమె సైగ చేసింది. నేను గోడ ఇటుకల మీద చెయ్యి పెట్టి చూసిన. సల్లగున్నయ్. నాకు పోబుద్ధి కాలే.

హోటల్‌కు వచ్చేసరికి మావాళ్ళు ఖాళీ పళ్ళాలు పట్టుకొని నిలబడి ఉన్నరు. పోహా మీద కొత్తిమీర లేదని ఒక కాకా గైడుకు ఫిర్యాదు చేసిండంట. ఆ చైనా పిల్ల ఏం చేస్తది, దేశం తరఫున సారీ చెప్పింది. ట్రావెల్స్ ఆయన నన్ను పక్కకు పిలిచిండు.

"బెన్, నిన్ను తెచ్చింది ఊరు చూడనీకా?"

తప్పయిందన్న. లోపట మాత్రం తప్పనిపియ్యలే.

సూరత్ వచ్చినంక బమ్రోలిల నా మర్యాద పెరిగింది. టిఫిన్‌కు వచ్చినోళ్ళంత చైనా ముచ్చటే. "మట్టి సిపాయిలను చూసినవా వదినె?" అంటే లేదని చెప్పబుద్ధి కాలే. చూసిన అన్న. అడిగినకొద్దీ సిపాయిల ఎత్తు పెరిగింది. ఒకడు నిజం కత్తి పట్టుకొని నా దిక్కే చూసిండని సుత చెప్పిన. మా ఆయన అన్నీ వింటుండె.

నెల తర్వాత ఒకనాడు మా సెంటర్ ముందల కారు ఆగింది. కఢీ వేడిగున్నదా అనడిగినామెనే. ఇడ్లీ తినుకుంట మెల్లగ అడిగింది. "బెన్, ఆనాడు పొద్దుగాల నువ్వు బయటికి పోయినవ్ గదా. ఊరు ఎట్లున్నది?"

"మీరు తిరిగిన్రు గదమ్మా ఊరంత."

"తిరిగినం. యాదికి లేదు."

నేను ఆవిరి, మిరపనూనె, వీపు కొట్టుకునే ముసలాయన, అన్నీ చెప్పిన. ఆమె ఇడ్లీ మరిచిపోయి విన్నది. "మరి సిపాయిలు నిజంగ ఎట్లుండె?" అని నేనడిగిన, మా ఆయనకు వినబడకుండ.

ఆమె జర ఆలోచన చేసింది. "జనం శాన ఉండె. నాకు అదే టైముకు కోడలు ఫోన్ చేసింది, పనిమనిషి రాలేదని." ఇగ ఫోన్ తీసి వీడియో పెట్టింది. దాని నిండ ఆమె మొకమే. మొకం ఎనుక జనం తలకాయలు. తలకాయల ఎనుక ఏందో మట్టిరంగు. "అగో, గదే" అని వేలు పెట్టి చూపింది. ఇద్దరం ఫోన్ కండ్ల దగ్గరికి తెచ్చుకొని చూసినం.

మా ఆయన మా ఎనుక ఎప్పుడొచ్చి నిలబడ్డడో. "నీ దిక్కు చూసిన కత్తోడు ఏడున్నడే అండ్ల?" అనడిగిండు.

"వీడియోల రాలే" అన్న, ఆమె పళ్ళెంల ఇంకో ఇడ్లీ వేసుకుంట.