బండి ఎవరి వల్ల ఆగింది?

కథ వ్రాయడానికి కాగితం, కలం, కాస్త ఏకాంతం ఉంటే చాలుననుకునే రోజులవి. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఏకాంతం తప్ప మిగిలిన రెండూ దొరికేవి. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. పగలు ఆఫీసులో చిన్న గుమాస్తాను. సాయంత్రాలు, మా తెలుగువారి సంఘం నెలనెలా చేతితో వ్రాసి కుట్టే పత్రికకు ధారావాహిక రచయితను. (రెండో ఉద్యోగానికే ఎక్కువ గర్వపడేవాణ్ణి.) పత్రిక ఒక్కటే ప్రతి. అది ఇల్లిల్లూ తిరిగేదాకా ఎవరూ ఆగలేరు కనుక, ఆదివారం మధ్యాహ్నం మా వరండాలో నేను పైకి చదవడం, మా క్వార్టర్ల లైనులోని ఆడవాళ్ళు చేటల్లో బియ్యం ఏరుకుంటూ వినడం ఆచారమైపోయింది. డ్యూటీ లేని మగవాళ్ళు కాస్త దూరంగా, విననట్టు కూర్చుని వినేవారు.

ఆ నెల నా కథలో నాయికను ఆమె మేనమామ బలవంతంగా కలకత్తా వైపు వెళ్ళే బండి ఎక్కించాడు. నాయకుడు ఊరి చివరి మోప్కా నుంచి సైకిలు మీద వస్తున్నాడు. గార్డు పచ్చజెండా ఊపాడు. అక్కడ ఆపి, శ్రోతల ముఖాల్లో ఆందోళన చూసి, నాకు సాటి ఎవరూ లేరనుకున్నాను. మర్నాడు కాగితం ముందు కూర్చున్నాక తెలిసింది, నాయకుడు స్టేషను చేరడం అసంభవమని. జెండా ఊపిన సంగతి అందరూ విన్నారు. వెనక్కు తీసుకోవడానికి లేదు. బండి ఊరు దాటగానే వచ్చే లాల్‌ఖదాన్ దగ్గర కాసేపు నిలబడితే తప్ప ఆ ఇద్దరూ కలవరు.

ఎందుకు నిలబడాలి? సిగ్నల్ పడలేదని వ్రాశాను. సిగ్నళ్ళ కేబిన్‌లో పనిచేసే బాబాయి మా పక్కింట్లోనే ఉండేవాడు. ఆయన ముఖం గుర్తొచ్చి కొట్టేశాను. గేటు మూయకపోవడం వల్ల ఎడ్లబండి అడ్డుపడిందని వ్రాశాను. ఆ గేటు కాసేవాడు మా ఎదురింటి తాతయ్య కొడుకు. బొగ్గు మంచిది కాదందామంటే షెడ్డులో ఇంజన్లకు బొగ్గు ఎక్కించే మావయ్య భార్య చేట పట్టుకుని ముందు వరుసలో కూర్చునేది. చివరికి గేదెనైనా అడ్డం పెడదామనుకుంటే, ఆ పట్టాల మీదికి వచ్చేవి మాకు పాలు పోసే అతని గేదెలే. ఊరంతా రైల్వేవాళ్ళయినప్పుడు, కథలో బండి ఆగితే ఇరుగుపొరుగులో ఎవరో ఒకరు దోషి కాక తప్పదు. (నా డైరీలో ఒకనాడు 'కథ సాగలేదు' అని ఉంది. మర్నాడు 'పై విధంగానే'. ఆ తరువాత దానికి కూడా చెయ్యి ఆడలేదు.)

ఆలస్యమైతే వచ్చే నెలకు వాయిదా వేయవచ్చు. కాని పురిటికి వచ్చిన మా అక్క, కొత్త సంచిక చదివే ఆదివారానికి మర్నాడే, సోమవారం, పసివాడితో ఖరగ్‌పూర్‌లోని అత్తవారింటికి బయలుదేరుతోంది. నా మొదటి కథకు మొదటి శ్రోత ఆమె. మా ఒక్కగానొక్క ప్రతి ఖరగ్‌పూర్ వెళ్ళదు. మళ్ళీ పుట్టింటికి ఎప్పుడు వస్తుందో ఆమెకే తెలియదు.

"ఆ పిల్లని బండిలో కూకోబెట్టీసి, నన్నూ బండెక్కించీస్తావేటిరా?" అంది. "అక్కడ గిన్నెలు తోముకుంటా, అది ఏటైపోనాదో అని నాకదే దిగులు."

మిగిలిన దోషి ఒక్కడే, డ్రైవరు. ఆ మాట తలచుకునే ధైర్యం కూడా నాకు లేదు, ఎందుకంటే మా నాన్న డ్రైవరు. బండి ఆలస్యం కావడమనేది మా ఇంట్లో ఉచ్చరించకూడని మాట. ఇతరుల బండి ఆలస్యంగా వస్తే ఆయన ఆ పూట మజ్జిగ కూడా ముట్టేవాడు కాదు.

శనివారం సాయంత్రం ఆయన డ్యూటీ దిగి వచ్చి, కుళాయి దగ్గర ముఖం నిండా సబ్బుతో ఉండగా, అక్క నా కష్టమంతా చెప్పేసింది. ఆయన కళ్ళు మూసుకునే విన్నాడు.

"నా మీద రాసీ," అన్నాడు.

ఆయన ఎన్నడూ బండి ఆలస్యం చేయలేదు కదా అని నేను నసిగాను.

"కతలోనే కదా. అచ్ఛా, ఊరికే ఆగిపోనాదని రాసీకు. ఆవిరి సరిపడక డ్రైవరు నిలబెట్టీసినాడు, తప్పు ఆడిదేనని రాయి. బొగ్గేసే ఫైర్‌మన్ ఊసెత్తకు. ఆడికి కొత్తగా పెళ్ళయింది."

తెల్లవారేసరికి కథ పూర్తయింది. ఆదివారం నాయకుడు బురదకాళ్ళతో లాల్‌ఖదాన్ గట్టెక్కి బండి అందుకోగానే ఆడవాళ్ళు చేటలు పక్కన పెట్టేశారు. బొగ్గు మావయ్య భార్య, "ఎవుడమ్మా ఆ డ్రైవరు, ఒట్టి చేతకానోడు. ఆడి కడుపు చల్లగుండ," అంది. నాన్న దూరంగా కూర్చుని బీడీ వెలిగించే ప్రయత్నంలో అగ్గిపుల్లలు వరసగా పాడుచేస్తున్నాడు. అక్క నవ్వుతూనే పసివాడి గుడ్డతో కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు ఆమె ఎక్కిన బండికి నాన్నే డ్రైవరు. కథలో అంత ఉదారంగా ఆగిన మనిషి, సొంత కూతురి కోసం ఒక్క నిమిషమైనా ఆగుతాడని ఆశపడ్డాను. అక్క ఇంకా నాతో మాట్లాడుతూనే ఉంది. అమ్మ పెట్టిన అరిసెల మూట ఇంకా నా చేతిలోనే ఉంది. బండి సరిగ్గా సమయానికి కదిలింది. పరుగెత్తి మూట కిటికీలోంచి లోపలికి తోశాను. ఆయన మీద నాకు వల్లమాలిన కోపం వచ్చింది. బండి లాల్‌ఖదాన్ వైపు మలుపు తిరుగుతుండగా ఇంజను పొడుగ్గా ఒక కూత కూసి, కాస్త ఆగి, మళ్ళీ కూసింది. కూత వేయడానికి ఆ మలుపులో గేటూ లేదు, పట్టాల మీద మనిషీ లేడు. ఇంత అనుభవం ఉన్నవాడు అనవసరంగా ఆవిరి దండగ చేస్తున్నాడేమిటని విసుక్కుంటూ నేను ఆఫీసుకు నడిచాను. మనుషుల మనసులు చదివి కథలు వ్రాస్తున్నానని గట్టిగా నమ్మిన ఆ కుర్రవాడు ఇప్పుడు ఎదురైతే, భుజం మీద చెయ్యి వేసి ఆ కూతలు వినపడినంతసేపూ ఆ ప్లాట్‌ఫారం మీద నిలబెడతాను.