రెండు నిమిషాల బెంచీ

యేసుపాదం మామయ్యకు ఒకటే జబ్బు. ఎవరు తప్పు చేసినా రెండు నిమిషాలు బెంచీ మీద కూర్చోబెడతాడు. పాలవాడు ఆలస్యంగా వస్తే బెంచీ. చర్చిలో పాట మధ్య దగ్గితే బెంచీ. చారులో ఉప్పు మరిచిపోయిన రోజు భార్య గంగారత్నాన్ని కూర్చోబెట్టబోయి, అన్నం లేక తనే సాయంత్రం దాకా దాని మీద కూర్చున్నాడు.

ఈ చట్టం ఫిన్లాండ్‌ది. మూడేళ్ల క్రితం, బస్తర్ కొండమీది ఇనుప గనిలో కొత్త యంత్రం బిగించడానికి పెక్కా అనే ఇంజినీరు అక్కణ్ణుంచి వచ్చాడు. ఫిట్టర్ యేసుపాదం అతనికి సాయం. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా మూడు నెలలు మాట్లాడుకుంటూనే ఉన్నారు. పెక్కా తన మేనల్లుడు ఒన్ని ఫోటో చూపించాడు. పదిహేడేళ్లవాడు, మంచు మీద హాకీ ఆడతాడు, అప్పుడే జీతానికి పెద్ద జట్టులో చేరాడు. ఆ ఆటలో తప్పు చేసినవాణ్ణి రెండు నిమిషాలు పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి తలుపేస్తారు. వెళ్తూ వెళ్తూ పెక్కా ఆ ఆటలో కొట్టే నల్ల రబ్బరు బిళ్ళ ఒకటి ఇచ్చాడు. యేసుపాదం దాన్ని తిప్పి తిప్పి చూసి, "మన కన్వేయర్ బెల్టు ముక్కే" అన్నాడు. ఆ రోజు నుంచి ఒన్ని అతనికీ మేనల్లుడే.

పొద్దున షిఫ్టు బస్సెక్కగానే డ్రైవర్ అడిగేవాడు, "యేసుపాదం భాయ్, ఫిన్లాండ్ కీ క్యా ఖబర్?"

"ఎనిమిది మ్యాచ్‌లైనాయి. ఒక్కదాంట్లోనూ దింపలేదు. పిల్లాడు బెంచీ అరగదీస్తున్నాడు."

"మరి ఆటగాడెట్లా అవుతాడు?"

"బస్సు డిపోలో ఉన్న రోజు నువ్వు డ్రైవరువి కాదా?"

తొమ్మిదో మ్యాచ్‌లో దింపారు. దిగిన నిమిషానికే ఒన్ని ఎవరినో కర్రతో అడ్డుకుని రెండు నిమిషాల శిక్ష తెచ్చుకున్నాడు. ఆ వార్తకు యేసుపాదం కాలనీ అంతా బూందీ పంచాడు. శిక్షకే ఇంతైతే మొదటి గోల్‌కి ఏం చేస్తాడోనని గంగారత్నం భయపడింది. చేశాడు. ఫ్రిజ్‌లో మంచునంతా గీకి వరండాలో పోసి, ఒన్ని ఎలా జారాడో చూపించబోయి, వారం రోజులు నడుముకి కాపడం పెట్టించుకున్నాడు.

పక్క క్వార్టర్లో ఉండే బిందు, తమ్ముడు దుర్గేశ్ ఇవన్నీ చూసి పడీపడీ నవ్వేవాళ్ళు.

ఈ జనవరిలో ఆ నవ్వు పోయింది. ఘాట్ రోడ్డు పొగమంచులో దుర్గేశ్ బండి లారీ కిందికి జారింది. కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ఇరవై రెండేళ్ల పిల్లాడు. ఇంటికొచ్చాక వరండాలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. పలకరిస్తే పలకడు. జగదల్‌పూర్ వెళ్ళి కృత్రిమ కాలికి కొలతలివ్వాలి. రెండుసార్లు తేదీ ఇచ్చారు, రెండుసార్లూ కదల్లేదు. మూలనున్న చంకకర్రలు కొండ దుమ్ముకి ఎర్రబడ్డాయి. ఇలాగే పడుకుంటే మోకాలు బిగుసుకుపోతుందని, తర్వాత కాలు పెట్టినా నడవలేడని డాక్టర్ బిందుకి విడిగా చెప్పాడు. ఆ మాట ఆమె అమ్మకు కూడా చెప్పలేకపోయింది.

యేసుపాదం తన బెంచీ మోసుకొచ్చి ఆ మంచం పక్కన వేశాడు. డ్యూటీ దిగి, ఎర్రదుమ్ముతోనే వచ్చి కూర్చునేవాడు.

"పెనాల్టీ అంటే ఔటు కాదురా. రెండు నిమిషాలు. తర్వాత తలుపు తీస్తారు."

దుర్గేశ్ గోడనే చూసేవాడు.

ఫిబ్రవరిలో ఒన్ని మోకాలు విరిగింది. ఆ సంగతి చెప్పిన రోజు దుర్గేశ్ ఇటు తిరిగాడు. "మళ్ళీ ఎప్పుడు దిగుతాడు మామా?"

అప్పట్నుంచి రోజూ ఒన్ని కబురే. ఒన్ని కర్ర పట్టుకు లేచాడు. ఒన్నిని చిన్న జట్టుకి పంపారు. అక్కడ అందరి నీళ్ల సీసాలూ మోస్తున్నాడు. దుర్గేశ్ వింటూ అన్నం తినేవాడు. లేచి కూర్చునేవాడు. నిలబడటం మాత్రం లేదు.

జూలైలో బస్తర్ మీద వాన విరుచుకుపడింది. చరియ విరిగి రైలు ఆగింది. ఫోన్లకు సిగ్నల్ పోయింది. సిగ్నల్ పోయిన నాలుగో రోజు యేసుపాదం తడిసి ముద్దై వచ్చాడు.

"నిన్న ఒన్ని మ్యాచ్‌రా. రెండు గోల్స్ కొట్టాడు. మూడోది కూడా కొట్టేవాడే. వాన పడి ఆట ఆపేశారు."

బిందు గొడుగు పట్టుకుని మామయ్యతో పాటు వీధిలోకి వచ్చింది.

"మామయ్యా, నాలుగు రోజుల్నుంచి సిగ్నల్ లేదు కదా. మీకెలా తెలిసింది?"

యేసుపాదం గొడుగు చివర్నుంచి కారుతున్న నీళ్లు చూస్తూ నిలబడ్డాడు. "మార్చిలోనే ఆట మానేశాడమ్మా. మోకాలు బాగవలేదు. పెక్కా కబురు పెట్టాడు. ఇప్పుడు యంత్రాల పని నేర్చుకుంటున్నాడట, నాలాగే."

"మరి ఇన్నాళ్ళూ..."

"ఇంటికొచ్చాక నీ తమ్ముడు నోరు తెరిచి అడిగిన మొదటి మాట, మళ్ళీ ఎప్పుడు దిగుతాడని. దిగడని ఎట్లా చెప్పను?"

"ఎంతకాలం ఆడిస్తారు?"

"వీడు లేచేదాకా. లేచిన మర్నాడే వాణ్ణి రిటైర్ చేయించేస్తా."

మర్నాడు అతను వచ్చేసరికి దుర్గేశ్ మంచం అంచున కూర్చుని ఉన్నాడు.

"మామా, ఆ మంచు మైదానానికి పైకప్పు ఉంటుంది. వీడియోలో నువ్వే చూపించావు."

"మా వంటింటికీ కప్పుంది. కారట్లేదూ?"

"ఒన్ని మానేశాడని ఏప్రిల్లోనే ఫోన్లో చదివాను."

"మరి ఎందుకు విన్నావురా?"

"నువ్వు ఆడించే ఒన్ని బాగా ఆడుతున్నాడు. ఆపబుద్ధి కాలేదు." దుర్గేశ్ బెంచీ చూపించాడు. "కూర్చో. రెండు నిమిషాలు."

"అబద్ధానికా?"

"వానకి."

బిందు వరండా గ్రిల్ గేటు వేసి గడియ పెట్టింది. పక్కింటి వరండాలోంచి గంగారత్నం చూసి, "ఇన్నాళ్ళకి ఈ కాలనీలో ఒక న్యాయం జరిగింది" అంది. యేసుపాదం చేతులు కట్టుకుని గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు.

"టైమైంది. తీయండి."

బిందు గడియ మీద చెయ్యి వేసింది.

"నువ్వు ఆగక్కా. శిక్ష వేసినవాళ్ళే తీయాలి."

దుర్గేశ్ చంకకర్రలు అందుకున్నాడు. దుప్పటితో ఎర్రదుమ్ము తుడిచాడు. మంచానికీ గేటుకీ మధ్య ఆరడుగులు. అవి దాటడానికి రెండు నిమిషాల కంటే ఎక్కువే పట్టింది. గడియ తీసిన చప్పుడైంది.

"దిగు మామా."

యేసుపాదం బెంచీ మీద నుంచి లేవలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఉండరా. ఇంకో తప్పు ఒప్పుకోవాలి. ఆ రోజు బూందీ పంచానా? సగం నేనే తినేశాను. గేటు వేసి, మంచం దాకా వెళ్ళి మళ్ళీ రా."