పెట్టని పెట్ట

మైకు బాబాయి కుడిచెయ్యి మోచేతి దాకా కోళ్ల గూట్లో ఉంది. ఎడమచెయ్యి ముక్కు మీద ఉంది. కుడిచేతిలో ఉన్నది వంటింటి గరిటె. గూటి అడుగున గట్టిపడిన రెట్టను దానితో గీకుతున్నాడు. రెట్ట కదలడం లేదు గానీ గరిటె వంగుతోంది. రెట్ట గీకడానికే ఉంచిన అరిగిన తాపీ ఒకటి పక్కనే మేకుకు వేలాడుతోంది. అది ఏళ్ల తరబడి అక్కడే వేలాడుతోంది. బాబాయి దాన్ని చూడటం మాత్రం ఇంకా జరగలేదు.

చూసే తీరిక ఎక్కడిది? కోళ్ల గురించి చెప్పడానికే ఆయనకు రోజు చాలేది కాదు.

బాబాయి బస్టాండులో అనౌన్సరుగా చేసి రిటైరయ్యాడు. మెడకు మఫ్లరు చుట్టుకుని, గాజు గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో మైకులో చెప్పేవాడు. కంచు కంఠం. గాజులోంచి బయటికి చూసే అలవాటు లేదు గనక, వెళ్లిపోయిన బస్సు వస్తున్నట్టూ, రాని బస్సు వచ్చి నిలబడ్డట్టూ ఎన్నోసార్లు చెప్పాడు. జనం సామాన్లెత్తుకుని పరిగెత్తేవాళ్లు, ఉసూరుమంటూ తిరిగొచ్చేవాళ్లు, తిట్టేవాళ్లు. గాజు గదిలోకి తిట్లు వినబడవు. రిటైరైన రోజున మైకు అక్కడే ఉండిపోయింది గానీ మఫ్లరూ కంఠమూ ఆయనతోపాటు ఇంటికొచ్చేశాయి. వీధి ఆయనకు మైకు బాబాయి అని పేరు పెట్టింది. ఆయన దాన్ని బిరుదనుకున్నాడు.

పెరట్లో కోళ్లను పెంచేది పిన్ని. వీధిలో వాటిని పెంచేది బాబాయి. మంగలి షాపులో, మందుల షాపు మెట్ల మీద, క్యాంటీన్ బల్ల దగ్గర "మా కోళ్లు" అని ఆయన గొంతు సవరించుకుంటే, గడ్డం సగం గీయించుకున్నవాడు తప్ప మిగతావాళ్లు పనులు గుర్తొచ్చి లేచేవాళ్లు. మేత ఎంత తడపాలో, గాలి ఏ వైపు నుంచి రావాలో, కోడి మనసు ఎలా చదవాలో ఫోనులో చూసి వచ్చి చెప్పేవాడు. ఇంటికొచ్చి గుడ్డట్టు తినేవాడు. కోళ్లకూ ఆయనకూ ఉన్న సంబంధం అంతటితో సరి.

అలాంటిది, బట్టలుతికే బండ దగ్గర పిన్ని జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. సిమెంటు కట్టు వేసి పంపారు. మంచం మీద కూర్చుని ఆవిడ ముందుగా అడిగింది చెయ్యి ఎప్పుడు అతుక్కుంటుందని కాదు.

"కోళ్లనెవరు చూస్తారు?"

"నేను లేనూ?" అన్నాడు బాబాయి.

పిన్ని కళ్లు మూసుకుంది. చేతినొప్పి అనుకున్నాడాయన.

మామూలు రోజులైతే ఆవిడ అంతగా బెంగపడేది కాదు. మూల పెట్టెలో చెల్లెలి గుడ్లున్నాయి. చెల్లెలు టైలరు, రెండు వీధుల అవతల ఉంటుంది. ఆవిడ కోళ్లన్నిటినీ ఒక వీధికుక్క ఒక్క మధ్యాహ్నంలో చంపేసింది. వాటిలో ఒక నల్లపెట్ట ఉండేది. కుట్టుమిషను పక్కన గుడ్డపేలికల బుట్టలో పడుకుని, మిషను ఆగితే తలెత్తి చూసేది. అది పెట్టి వెళ్లిన గుడ్లే మిగిలాయి. వాటిని పేలికల్లో పొట్లం కట్టుకుని వచ్చి అక్క చేతిలో పెట్టింది. పిన్ని వాటిని తన బూడిదరంగు పెట్ట కింద పొదగేసి, పెట్టెకు గోనెసంచి తెర కట్టింది.

ఆ రోజే మరదలు బావగారికి హెచ్చరిక చేసింది.

"బావా, నువ్వు మాత్రం ఆ పెట్టె దరిదాపులకు రాకు. నీ గొంతు వింటే పిల్లలు గుడ్లలోంచి బయటికి రావు."

"పొదిగే కోడికి మంచి మాటలు వినిపించాలమ్మాయ్, వీడియోలో చెప్పారు."

"మంచి మాటలు కదా చెప్పింది? మరి నీకెందుకా బాధ?"

అసలు ఆ తెర వెనక ఏ కోడి కూర్చుందో బాబాయి చూడలేదు. చూడకుండా తెలుసుకోవడం ఆయన వృత్తి. ఆ పెరట్లో ముసలి ఎర్రపెట్ట ఒకటి ఉంది. అది గుడ్డు పెట్టి చాలా కాలమైంది. కానీ ఏ కోడి గుడ్డు పెట్టినా, ఇదే పెట్టె అంచెక్కి, మెడ సాచి, వీధి చివరికి వినబడేలా కొక్కొక్కో అని చాటింపు వేసేది. బూడిదది పేలికంత చప్పుడు చెయ్యదు. కాబట్టి ఎర్రది ఇంటికి దీపమనీ, గుడ్లు పెట్టేదీ పొదిగేదీ అదేననీ, బూడిదది తిని తిరిగే రకమనీ బాబాయి తేల్చేశాడు. మంగలి షాపులో ఆ సంగతి చెప్పేశాడు కూడా. అరిచేవాళ్లే పని చేస్తారన్న నమ్మకం ఆయనకు ఇంటా బయటా ఉంది.

గూడు శుభ్రం చేశాననుకుని గరిటె కడుక్కుంటూ ఉండగా లోపల్నుంచి పిన్ని పిలిచింది.

"ఏమండీ, క్యాంటీన్ మాస్టరు కోడి కోసం వస్తాడు. పెట్టని పెట్టని ఇచ్చెయ్యండి."

"ఏ పెట్టని?"

"పెట్టని పెట్టని."

"అదేనోయ్, ఏ పెట్టనీ అంటున్నాను."

"గుడ్లు పెట్టని పెట్టని. ఇంకెలా చెప్పను? నోరు నొప్పెడుతోంది."

"అలా చెప్పు మరి. సగం సగం చెబితే ఎవరికి అర్థమవుతుంది?" అన్నాడు బాబాయి, జీవితమంతా సగం సగమే చెప్పినవాడు.

మాస్టరు వచ్చేసరికి పొదుగులో ఉన్న బూడిదది రోజుకోసారి మేతకు దిగినట్టే దిగి, ఒళ్లు ఉబ్బించుకుని గబగబా గింజలు ఏరుకుంటోంది. ఎర్రది ఖాళీ దొరికింది కదా అని మూల పెట్టె అంచెక్కి చాటింపు వేస్తోంది. ఒకటి తింటోంది. ఒకటి పొదుగు దగ్గర ఉండి ప్రకటన చేస్తోంది. ఇంక చూసేదేముంది?

"అదుగో, ఆ బూడిదది. తిండి దండగ," అన్నాడు బాబాయి.

"కండ బాగానే పట్టింది బాబాయ్. పెట్టదంటావా?"

"మాస్టరూ, కోళ్ల గురించి నాకు చెప్తున్నావా?"

క్యాంటీన్ బల్ల దగ్గర ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోయి ఒక మధ్యాహ్నం పోగొట్టుకున్నవాడు మాస్టరు. ఇంకేం మాట్లాడకుండా బూడిదదాని కాళ్లకు జనపతాడు కట్టి సైకిలుకు తగిలించుకుని పోయాడు.

బాబాయి చేతులు దులుపుకుని, ఒక పని పూర్తిచేసిన మగవాడిలా లోపలికొచ్చాడు.

"ఇచ్చేశారా?" అంది పిన్ని.

"ఇచ్చేశాను."

"బూడిదది మేత తిని మళ్లీ పెట్టె ఎక్కిందా?"

"అదెందుకు ఎక్కడం?"

"గుడ్లెవరు పొదుగుతారు, మీరా?"

బాబాయి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి ఏ ప్రకటనా రాలేదు. వెళ్లిపోయిన బస్సు వెనక పరిగెత్తేవాళ్ల మొహాలు ఎలా ఉంటాయో ఆయనెప్పుడూ చూడలేదు గానీ, ఆ క్షణాన గోడ అద్దంలో చూసి ఉంటే కనబడేది.

"ఎక్కింది," అన్నాడు, పెరటివైపు నడుస్తూనే.

తెర ఎత్తి చూశాడు. గడ్డి మధ్య గుడ్లు. చెయ్యి పెడితే ఇంకా వెచ్చగానే ఉన్నాయి, కానీ ఆ వెచ్చదనం పోతున్నదని వేళ్లకు తెలుస్తోంది. మెడ మీది మఫ్లరు విప్పాడు. వేసవిలో కూడా విప్పని మఫ్లరు అది, కంఠానికి చలి తగులుతుందని. దాన్ని గుడ్ల మీద కప్పి, చుట్టూ దోపి, పెట్టె అంచున ఇంకా కూస్తున్న ఎర్రదాన్ని చంకలో ఇరికించుకుని వెనకదారిన బయటపడ్డాడు.

గుట్టుగా పోదామనుకున్నాడు. చంకలో ఉన్నది ఎర్రది. వీధి పొడుగునా అది తన ప్రయాణాన్ని ప్రకటించుకుంటూ వచ్చింది. మంగలి కత్తెర ఆపి తల బయటపెట్టాడు.

"బాబాయ్, ఏ బస్సు?"

బాబాయి జవాబు చెప్పలేదు. కత్తెర చాలాసేపు ఆగిపోయింది. ఆయన జవాబు చెప్పకపోవడం వీధికి కొత్త.

క్యాంటీన్ వంటగదిలో పెద్ద గిన్నె నిండా నీళ్లున్నాయి. కత్తి నూరి ఉంది. బూడిదది తొట్టి కింద కాళ్లు కట్టి పడి ఉంది. బతికి ఉండటానికి కారణం దాని అదృష్టమూ కాదు, బాబాయి పరుగూ కాదు. గ్యాసు సిలిండరు అయిపోయి, ఇంకా రాలేదు.

"మాస్టరూ, అది ఇచ్చెయ్. ఇది తీసుకో."

మాస్టరు ఎర్రదాని రొమ్ము ఒత్తి చూశాడు. "దీంట్లో ఎముకలూ అరుపూ తప్ప ఏముంది? ఇందాక పెట్టదన్నావు, ఇప్పుడు పెడుతుందా అది?"

"పెట్టదు. పొదుగుతోంది."

"పొదిగే కోడినిచ్చి పంపావా? కోళ్ల గురించి నీకు చెప్పకూడదన్నావుగా."

బాబాయికి చెప్పడానికి చాలా ఉంది. ఎర్రదాని ప్రవర్తన, భార్య ఉచ్చారణ, తెర వెనక చీకటి, అన్నీ వరసగా నాలుక మీదికొచ్చాయి. ఈలోగా గుడ్లు చల్లారుతున్నాయి.

"మాస్టరూ, మా మరదలి గుడ్లవి. చచ్చిపోయిన నల్లపెట్టవి. అవి పోతే మళ్లీ రావు. ఏం కావాలో అడుగు."

మాస్టరు గడ్డం గోక్కున్నాడు. "అడిగితే ఇస్తావా? రేపట్నుంచి నా క్యాంటీన్‌లో కోళ్ల మాట ఎత్తకు. నువ్వు గొంతు సవరించుకుంటే టీ సగంలో వదిలేసి పోతున్నారు జనం."

బాబాయి అవమానాన్ని గుటక వేశాడు. తల ఊపాడు. ఎర్రది తొట్టి కిందికి పోయింది, బూడిదది చంకలోకి వచ్చింది. గుమ్మం దాటుతుంటే వెనక ఎర్రది ఇంకా చాటింపు వేస్తూనే ఉంది. వినేవాళ్లు లేకపోయినా అది ఆపలేదు. బాబాయి వెనక్కి చూడలేదు.

అసలు పని ఇంటికొచ్చాక మొదలైంది. గాభరాలో కాళ్ల మధ్య ముడి తెంపాడు గానీ ఒక కాలికి తాడు ముక్క మిగిలిపోయింది. మఫ్లరు తీసి కోడిని గుడ్ల మీద కూర్చోబెట్టాడు. అది లేచింది.

"కూర్చోవే తల్లీ, నీ గుడ్లే," అన్నాడు. అది పెట్టెలోంచి దూకింది.

మళ్లీ పట్టుకొచ్చాడు. "పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. విషయమేమిటంటే..." అన్నాడు. మళ్లీ దూకింది, ఈసారి ఒక గుడ్డును కాలితో తన్ని మరీ.

మూడోసారి కూర్చోబెట్టి, వివరించబోయి, ఊపిరి పీల్చుకున్నాడు. కోడి మెడ నిక్కించింది. ఆయన ఊపిరి అలాగే బిగబట్టాడు. కోడి మెడ దించింది. ఆయన నోరు కదిలింది, మెడ లేచింది. నోరు మూశాడు, మెడ దిగింది. బస్టాండులో వేలమంది చెయ్యలేని పని ఒక కోడి చేసింది. బాబాయి గొంతుక్కూర్చుని నోరు మూసుకుని, తెర మెల్లిగా సగం దించాడు. పెట్టెలో చీకటి పడగానే కోడి రెక్కలు విప్పి, ముక్కుతో ఒక్కొక్క గుడ్డునే కిందికి లాక్కుని సర్దుకుంది.

"ఏం చేస్తున్నారక్కడ?" లోపల్నుంచి పిన్ని కేక.

జవాబిస్తే కోడి లేస్తుంది. ఇవ్వకపోతే పిన్ని లేస్తుంది. బాబాయి కోడినే కూర్చోనిచ్చాడు.

ఇన్నేళ్ల కాపురంలో ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం పిన్ని ఎరగదు. మనిషికేదో అయిందని కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని పెరట్లోకొచ్చింది. మొగుడు పెట్టె ముందు వేలు పెదాల మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మెడకు మఫ్లరు లేదు. పెట్టెలో కోడి ఉంది. కోడి కాలికి తాడుంది.

"తాడేంటి?" గుసగుసగా అడిగింది.

ఆయన కళ్లతో కోడిని చూపించాడు.

"ఎర్రదేది?"

క్యాంటీన్ వైపు వేలు చూపించాడు.

పిన్ని తాడు చూసింది, మఫ్లరు చూసింది, ఆయన మొహం చూసింది. "నేనింకా గుండెపోటనుకున్నాను. తప్పు చేశారన్నమాట, అంతే కదా," అని ఊపిరి పీల్చుకుని, గోడకున్న తాపీ తీసి ఆయన చేతిలో పెట్టింది. "రేపు రెట్ట దీంతో గీకండి. గరిటెతో కాదు."

ఆయన మారిపోయాడని కాదు. వారం తిరక్కుండానే మంగలి షాపులో బూడిదపెట్ట క్యాంటీన్ నుంచి గుడ్ల కోసం తనంతట తానే నడిచొచ్చిన వైనం చెప్పడం మొదలుపెట్టాడు. కానీ పెరట్లోకి అడుగుపెడితే నోటికి తాళం పడేది. కోడి మేతకు దిగేవేళకు గింజలు సిద్ధంగా ఉంచేవాడు. తిని వెళ్లి మళ్లీ కూర్చునేదాకా పెట్టె దగ్గరే కాపలా కాసేవాడు. తాపీతో గీకితే రెట్ట పెచ్చులు పెచ్చులుగా ఊడి రావడం చూసి, ఈ సంగతి ఏ వీడియోలోనూ లేదేమిటా అని విస్తుపోయాడు.

గుడ్లు పగిలాయి. అన్నీ పగల్లేదు. రెండు చలికి చచ్చిపోయి ఉన్నాయి. వాటిని ఆయనే తీసి పారేశాడు. మిగిలినవాటి కిచకిచలు తెర వెనక నుంచి వినబడుతున్నాయి.

పిల్లలకు కాళ్లు గట్టిపడ్డాక మరదలు స్కూటరు మీద వచ్చింది. బాబాయి అప్పటికే అట్టపెట్టెకు గాలి కోసం కన్నాలు పొడిచి, అడుగున పొడిగడ్డి పరిచి, తల్లిని ఒక మూల కూర్చోబెట్టి పిల్లల్ని ఒక్కొక్కటిగా దాని రెక్కల కిందికి తోస్తున్నాడు.

"రెండు తగ్గాయేంటి బావా?"

"నా వల్లే," అన్నాడు. అంతకుమించి పొడిగించలేదు.

మరదలు అక్క వైపు తిరిగింది. "ఒంట్లో బాలేదా ఈయనకి?"

"బానే ఉంది. కోడి కూర్చోబెట్టింది," అంది పిన్ని.

మరదలు ఇంకా ఏదో అనబోయి పెట్టెలోకి వంగింది. బూడిద రెక్క కిందినుంచి ఒక పిల్ల తల బయటపెట్టి ఆవిడ వైపు చూసింది. ముక్కు దగ్గర్నుంచి కాళ్ల దాకా నలుపే. ఆవిడ చూపుడువేలుతో దాని నెత్తి ఒక్కసారి తాకి చెయ్యి తీసేసింది.

బాబాయి మూత వేశాడు. జేబులోంచి జనపతాడు ముక్క తీసి, దానికి ఇంకో ముక్క కలిపి, పెట్టె చుట్టూ తిప్పి ముడేశాడు. లాగి చూశాడు. ముడి జారలేదు. పెట్టె వంగకుండా రెండు చేతులా ఎత్తి స్కూటరు సీటు ముందు పెట్టి, మరదలి చెయ్యి తీసి దాని మీద ఉంచాడు.