బందెలదొడ్డిలో గంటన్నర

ఈ ప్రయాణానికి కారణం ఒక జాబితా. నెల్లూరులో ఎంఏ తెలుగు చదువుతున్న నాకు మా సారు ఒక పని అప్పగించారు: మనిషినో పశువునో బంధించి ఉంచే చోట్లకు తెలుగులో ఉన్న పేర్లు ఇరవై ఐదు సేకరించాలి. చెరసాల, బందిఖానా, కారాగారం, లాకప్, నిర్బంధ శిబిరం... వారంలో ఇరవై నాలుగయ్యాయి. సారు జాబితా చూసి, "అన్నీ నిఘంటువులోవే. ఒక్కటైనా జనం నోట వినమ్మా. ఆ చోటు కళ్లతో చూసి, అక్కడివాళ్లు అన్న వాక్యం రాసుకుని రా. శుక్రవారం మధ్యాహ్నం రెండులోపు తేకపోతే ఈ అంశం ఇంకొకరికి ఇచ్చేస్తాను" అన్నారు. నేను ముద్దుగా పోగేసుకున్న మాటల్ని ఇంకొకరి చేతుల్లో పెట్టడమా! ఆ రాత్రే నలుగురికి ఫోన్లు చేసి, అలాంటి చోటొకటి ఇంకా నిలిచి ఉన్న ఊరు కనుక్కున్నాను.

శుక్రవారం ఎనిమిదింటికి నెల్లూరులో తోటపల్లి గూడూరు బస్సెక్కాను. ముప్పావు గంట ప్రయాణం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. అక్కడి నుంచి సముద్రం వైపు ఊళ్లకు ఆటో మాట్లాడుకోవాలి; రానుపోను, ఆగినందుకు కలిపి మూడు వందలు అన్నాడు డ్రైవరు మస్తానన్న.

"బీచికా అమ్మా?"

"బందెలదొడ్డికి అన్నా."

ఆటో నెమ్మదించింది. "మీవి ఎన్ని బర్రెలు పట్టుబడినాయి?"

"నాకు బర్రెలు లేవు. ఊరికే చూడ్డానికి."

"నెల్లూరు నించి బందెలదొడ్డి చూసేదానికి వచ్చినారా! ఇంటికాడ చెప్తే నేను తాగినా అనుకుంటారు."

పక్కవాళ్ల చేలో పడి మేసిన పశువును తోలుకొచ్చి మూసే చోటే బందెలదొడ్డి. చాలా ఊళ్లలో గోడలు కూలిపోయాయి. ఈ ఊళ్లో మాత్రం గోడ ఆరడుగులు, దాని మీద ముళ్లకంప, ముందు ఇనుప గేటు, గేటుకు అరచేయంత తాళం. కాపలా పెంచలయ్య గారిది. అరవై దాటిన మనిషి. ఇక్కడి ఆనవాయితీ ఆయనే చెప్పాడు: పశువు సొంతదారు స్వయంగా రావాలి, గేటుకు వీపు పెట్టి నిలబడాలి, లోపలికి తొంగిచూడకుండా గుర్తులు చెప్పాలి. సరిపోతేనే తాళం తీస్తాడు. లేకపోతే ఎవరి బర్రెనైనా ఎవరైనా తోలుకుపోతారట.

నా కోసం గేటు తీశాడు. లోపల ఒకే ఒక్క బర్రె నెమరేస్తోంది. నేను గోడ ఎత్తు రాసుకుంటూ ఉండగా పొలం వైపు నుంచి కేక వినిపించింది: "పెంచలయ్యా! నారుమడిలో బర్రెలు పడినాయి!" ఆయన కర్ర అందుకున్నాడు, గేటు లాగాడు, తాళం వేశాడు, పరిగెత్తాడు. ముప్పై ఏళ్ల అలవాటు. లోపల ఉన్నది ఎవరని చెయ్యి ఆలోచించలేదు.

అప్పుడు టైము పది. ఫోను ఆటోలో ఛార్జింగు పెట్టాను. మస్తానన్న ఆ ఆటోలోనే టీకి వెళ్లాడు. పన్నెండుంపావు బస్సు తప్పితే రెండులోపు నెల్లూరు చేరలేను. గొంతు పోయేలా అరిచాను. బర్రె ఒకసారి చూసి మళ్లీ నెమరులో పడింది. ఏం చెయ్యాలో తోచక దానికి నా జాబితా చదివి వినిపించాను. 'కారాగారం' దగ్గర పేడ వేసింది.

చాలాసేపటికి చేపల గంపతో ఒకామె అటుగా వచ్చింది. గేటు ఊచల్లోంచి నన్ను చూసి, గంప దించి మరీ నవ్వింది. "ఏందిమే, ఎవురి చేలో పడి మేసినావు?"

ఆమే వెళ్లి మస్తానన్నను పంపింది. అతని దగ్గర తాళంచెవి ఎక్కడిది? పదకొండున్నరకు పెంచలయ్య గారు రెండు బర్రెల్ని తోలుకుంటూ వచ్చి, నన్ను చూసి నాలుక కరుచుకున్నాడు. అప్పటికే పదిమంది పోగయ్యారు. జనాన్ని చూసేసరికి ఆయనకు హుషారొచ్చింది.

"తాళం తియ్ పెంచలన్నా, బస్సు పోతాది" అన్నాడు మస్తానన్న.

"తీస్తా. ఎవురిది? గుర్తులు చెప్పు."

మస్తానన్న బుద్ధిగా గేటుకు వీపు పెట్టి నిలబడ్డాడు. "కళ్లజోడు. నీలం చుడీదారు. చేతిలో నోటుబుక్కు. అరుపు జాస్తి."

"కొమ్ములు?"

"ఇప్పుడే మొలస్తా ఉండాయి."

జనం గొల్లుమన్నారు. పెంచలయ్య గారు తాళం తీసి, నవ్వు ఆపుకుని, నా తల మీద చెయ్యి పెట్టాడు. "తప్పయిపోయింది తల్లీ. బందెలదొడ్డిలో పడినదానికి బయట ఒక దిక్కు ఉండాల. నీకు ఉండాది, పో."

ఆ వాక్యాన్ని కుదుపుల్లో, ఆటోలోనే రాసుకున్నాను. బస్సు దొరికింది. రెండుకు పది నిమిషాలుండగా సారు చేతిలో పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, "అంశం నీదే" అన్నారు. తరువాత ముక్కు మూసుకుని, "ముందు ఇంటికెళ్లి స్నానం చెయ్యమ్మా" అన్నారు.

ఆ సాయంత్రం జాబితా మళ్లీ తీశాను. 'నిర్బంధ శిబిరం' పక్కన నేను రాసుకున్న అర్థంలో కంచె ఉంది, కాపలా ఉంది, తాళం వేసినవాళ్లు ఉన్నారు. లోపలివాళ్లు లేరు. అర్థాలన్నీ గేటు బయట నిలబడి రాసినవే. నాకు గంటన్నరలో గుర్తులు చెప్పే మనిషి వచ్చాడు. ఎవరూ రాని మనుషులకు 'నిర్బంధ శిబిరం' అన్న మాట ఎలా వినిపిస్తుందో నాకు తెలియదు. అందుకే ఆ అర్థం కొట్టేశాను. ఇంకా కొత్తది రాయలేదు.

మీరు వెళ్తే ఒక్క జాగ్రత్త: గేటు దాటే ముందు ఫోను చేతిలో ఉంచుకోండి, డ్రైవరుకు టీ గేటు దగ్గరికే తెప్పించండి, మీరేం కట్టుకున్నారో ఒకసారి అతన్ని బాగా చూసుకోమనండి.